బొమ్మల ఉత్తరాల కామేశ్వరి గారు

ఆషాఢం చివర గోదావరికి ఎర్రనీరు దిగిందంటే, గట్టు వైపు నుంచి గాలి తిరిగినప్పుడల్లా కొత్తపేటలో మా వీధిలోకి ఒక వాసన వస్తుంది. తడిసిన ఒండ్రు, నానిన గడ్డి, ఎక్కడినుంచో కొట్టుకొచ్చిన ఆకులు అన్నీ కలిసిన వాసన అది. మొన్న పొద్దున కాఫీ తాగుతుంటే ఆ వాసన తగిలింది. పక్కింటాయన కిటికీ మూసుకుంటూ, "ఈ ఏడు నీరు గట్టిగా వచ్చేలా ఉందండీ" అని బెంగపడ్డారు. నేను మాత్రం కిటికీ తెరిచే ఉంచాను. ఆ వాసనకు భయపడవలసినంత నేనూ చూశాను. కానీ అది తగిలినప్పుడల్లా భయం కన్నా ముందు నాకు కామేశ్వరి గారు గుర్తుకు వస్తారు. ఆవిడను ఎరిగినవాళ్లు ఇప్పుడు ఎక్కువమంది లేరు. ఎరగనివాళ్ల కోసమే ఇది రాస్తున్నాను.

డెబ్బైల చివర్లో నన్ను గట్టు పక్కనున్న ఒక ఊరికి పోస్టుమాస్టరుగా వేశారు. ఊరి పేరు ఇక్కడ అవసరం లేదు. పెంకుటింటి ముందుగది, ఒక బల్ల, ఒక బీరువా, కటకటాల కిటికీ, అదే ఆఫీసు. నాకప్పుడు ఇరవై ఆరేళ్లు. నిబంధనల పుస్తకం అట్ట నలగకుండా దాచుకుని, అందులో లేనిది లోకంలోనే లేదనుకునే రోజులు. చేరిన రెండో వారంలో ఒకావిడ వచ్చి కిటికీలోంచి ఒక వస్తువు అందించారు. కొబ్బరి మట్ట మొదట్లో వలలాగా అల్లుకుని ఉండే పీచు ఉంటుంది కదా, దాన్ని కార్డు కొలతకు కత్తిరించి, గంజి పెట్టి బిగించి, దాని మీద రంగులతో రేవులో ఆగిన పడవను వేశారు. వెనక ఒక కాగితం అంటించి చిరునామా రాశారు. మూలన స్టాంపు బిళ్ళ కూడా ఉంది.

"ఇది పోస్టుకార్డు కాదండీ" అన్నాను.

"కాదండి. మరి ఏమిటంటారు దీన్ని?"

"ఏదీ కాదండీ. కార్డూ కాదు, కవరూ కాదు."

ఆవిడకు కోపం రాలేదు. చేతిలోని గొడుగు గోడకు ఆనించి, తీరుబాటుగా నిలబడ్డారు. "అయితే ఏదీ కానిదానికి ఎంత బిళ్ళ అంటించాలో చెప్పండి మాస్టారూ, అంటిస్తాను. విజయనగరంలో ఒకావిడ దీని కోసం ఎదురుచూస్తున్నారు."

నేను కుదరదన్నాను. ఆవిడ సరేనని వెళ్లిపోయి, మర్నాడు అదే వేళకు మళ్లీ వచ్చారు. ఆ మర్నాడూ వచ్చారు. దెబ్బలాడలేదు, పైఅధికారుల పేర్లు చెప్పలేదు. "ఏమన్నా దొరికిందాండీ పుస్తకంలో?" అని మాత్రం అడిగేవారు. మూడో రోజుకు నాకే సిగ్గేసింది. పుస్తకం మొదటినుంచి చదివితే తేలిందేమిటంటే, అది మామూలు ఉత్తరం లెక్కన నిక్షేపంగా వెళ్లవచ్చు. చదవకుండానే కాదన్నది నేను. ఆ మాట చెప్పి క్షమించమన్నాను. ఆవిడ నవ్వి, "ఆయ్, నాకు తెలుసండీ. మీకు ముందున్న మాస్టారూ మొదట్లో ఇలాగే అన్నేరు. మీరు మూడ్రోజుల్లో చదివేరు, ఆయనకి నెల పట్టింది" అన్నారు.

కామేశ్వరి గారు ఊళ్లోని ఆడపిల్లల హైస్కూల్లో డ్రాయింగు టీచరు. అప్పటికి నలభై అయిదేళ్లు ఉంటాయేమో. చామనఛాయ, ముతక నేత చీర, కుడిచేతి వేళ్ల సందుల్లో ఎప్పుడూ ఏదో ఒక రంగు. ఆవిడ భర్త సోమయాజులు గారు వేదం చదువుకున్న పెద్దమనిషి. తెల్లవారకముందే లేచి వేదంలోని పనసలు వల్లించేవారు. తరవాత ఎక్కడ ఏ పూజ ఉంటే అక్కడికి నడిచి వెళ్లేవారు. వెళ్తూ వెళ్తూ భార్య గీసిన కార్డులు ఆఫీసులో ఇచ్చి, "నా చదువు నోట్లోంచి వెళ్తుంది బాబూ, మా ఆవిడ చదువు మీ సంచిలోంచి వెళ్తుంది. జాగ్రత్తగా పంపండి" అనేవారు. పిల్లలు లేరు. ఆ లోటు గురించి వాళ్లు మాట్లాడగా నేను వినలేదు.

ఒక ఆదివారం కామేశ్వరి గారు పెసరట్టు తినిపోదురుగాని రమ్మని పిలిచి, భోషాణం పెట్టె తెరిచి చూపించారు. దాన్నిండా బొమ్మల కార్డులు. చిన్నప్పుడు ఆవిడ మద్రాసు వెళ్లి చిత్రలేఖనం చదువుకోవాలనుకున్నారట. తండ్రి పంపలేదు. టీచరు ఉద్యోగం వచ్చాక, ఒక వారపత్రిక బొమ్మల పోటీలో తనతోపాటు అచ్చయిన పేర్లు చూసి, ఆ చిరునామాలకు తలో కార్డూ గీసి పంపారట. "నేను వెళ్లలేకపోతే నా బొమ్మ వెళ్తుంది కదా, అనుకున్నానండీ." పదిమందికి రాస్తే మొదట బదులిచ్చింది ఒకే ఒక్కరు, ఖరగపూరులో రైల్వే గార్డుగా పనిచేసే ప్రకాశరావు గారు. ఆయన నీటిరంగుల్లో దిట్ట. ఆ తరవాత విజయనగరం ఆసుపత్రి నర్సు, పెడనలో బట్టల మీద అద్దకానికి చెక్క అచ్చులు చెక్కే ఒక ముసలాయన, అలా అలా పాతిక మంది అయ్యారు. చెకొస్లొవేకియా నుంచి ఒక బడిపంతులు కూడా ఎలాగో వచ్చి చేరాడు. అతని ఇంగ్లీషూ ఈవిడ ఇంగ్లీషూ దాదాపు ఒక్కలాంటివే కాబట్టి ఇద్దరికీ బాగా కుదిరింది.

వాళ్లలో ఎవరూ ఎవరినీ చూసింది లేదు. ప్రతి ఒక్కరూ నెలకొక బొమ్మ గీసి, జాబితాలో తమ తరవాతి పేరుకు పంపాలి. బొమ్మలు అమ్మకూడదు. బాగాలేదని తిప్పి పంపకూడదు. ఉన్న కట్టుబాట్లు ఆ రెండే. కామేశ్వరి గారు ఏడాదికోసారి జాబితా తిరగరాసి అందరికీ పంపేవారు. ఎవరో మానేసేవారు, ఎవరో చేరేవారు. ఒకరికి పెళ్లయి అత్తవారు వద్దంటారు, ఒకరికి చూపు తగ్గుతుంది. ఏ రెండేళ్లూ జాబితా ఒక్కలా ఉండదు.

"ఒక చిన్న కోరిక మాస్టారూ," అన్నారు ఆ రోజు. "మీ ముద్ర కొంచెం చూసి వెయ్యండి. మొన్న పడవ వెనక సిరా పేరుకుని, పీచు సందుల్లోంచి ఇవతలికి దిగిందట. ముద్ర కూడా బొమ్మలోదేనండీ. దాన్ని మీరు వేసేరని అక్కడివాళ్లకి తెలుస్తుంది."

అంతవరకు నేను ముద్ర కొట్టేవాణ్ణి. ఆ తరవాత వేయడం మొదలుపెట్టాను. సిరా దిండు తడి చూసుకుని, కార్డు కింద మెత్తటి రబ్బరు పరిచి, తేదీ చదవగలిగేలా నొక్కేవాణ్ణి. కామేశ్వరి గారివే కాదు, ఎవరి ఉత్తరమైనా అలాగే. నేను చేసే పనికి అవతలి కొసన ఒక మనిషి ఉంటాడని అంతకుముందు నాకు ఎవరూ చెప్పలేదు.

ఎనభైలు వచ్చేసరికి మా ప్రాంతంలో ఆడవాళ్లు గల్ఫ్ దేశాలకు ఇంటిపనికి వెళ్లడం మొదలైంది. మా ఊరి నాగమణి కువైట్ వెళ్లింది. ఆరేళ్ల కూతుర్ని తల్లి కాంతమ్మ దగ్గర వదిలి వెళ్లింది. కాంతమ్మకు చదువు రాదు. విమానంలో వచ్చే గాలి ఉత్తరం అందినప్పుడల్లా నా దగ్గరకు తెచ్చి చదివించుకునేది. ఉత్తరంలో మాటలు నాలుగు వరుసలకు మించి ఉండేవి కావు. మిగతా చోటంతా నాగమణి కూతురి కోసం ముగ్గులు వేసేది. సన్నటి చుక్కలు, వాటి చుట్టూ ఎక్కడా తెగని గీత. ఒకరోజు నేను చదువుతుండగా కామేశ్వరి గారు కిటికీ దగ్గర ఉన్నారు. ఆ కాగితం అడిగి తీసుకుని, వెలుతురుకు పట్టి చాలాసేపు చూశారు.

"కాంతమ్మా, ఇది మీ అమ్మాయి కలం ఎత్తకుండా వేసింది, తెలుసా?"

"అదేటండీ టీచరమ్మగారూ, దానికి అదొక పిచ్చండి. గుమ్మంలో వెయ్యడానికి అక్కడ మట్టి లేదు కదండి, కాయితం మీద వేస్తంది."

ఆ వారమే కామేశ్వరి గారు కువైట్‌కు ఉత్తరం రాశారు. నాగమణి పేరు జాబితాలో చేరింది. ఆమె మొదటి ముగ్గు ఎవరికి వెళ్లాలి? జాబితా ప్రకారం ప్రకాశరావు గారికి. నెల తిరగకుండా ఆయన దగ్గరనుంచి కవరు వచ్చింది. కామేశ్వరి గారు దాన్ని ఆఫీసు అరుగు మీదే చింపి చదువుకున్నారు. తరవాత నాకిచ్చారు. "ముగ్గులు ఉండవలసిన చోటు వాకిలి. పదేళ్లుగా మనం చేస్తున్నది చిత్రకళ అనుకున్నాను. నన్ను జాబితాలోంచి తీసివేయండి" అని మూడే వాక్యాలు. మరో ఇద్దరు పాత సభ్యులు కూడా ఆయన బాటే పట్టారు.

"పోనీలెండి, ఆ ముగ్గులావిడకి విడిగా రాయొచ్చు కదండీ మీరు" అన్నాను, ఊరట అనుకుని.

ఆవిడ తల అడ్డంగా ఊపారు. కళ్లలో నీళ్లు తిరిగాయి. "నేను రాసిన మొదటి పదిమందిలో జవాబిచ్చింది ఆయనొక్కరేనండీ. ఆ జవాబు రాకపోతే ఇదేదీ లేదు. ఆయన్ని పోగొట్టుకోవడం నాకు చిన్న విషయం కాదు. కానీ కాగితం మీద అంత చక్కటి గీత గీసిన మనిషిని, నువ్వు వాకిట్లోనే ఉండు అని ఎలా అనమంటారు?" కళ్లు తుడుచుకుని, "పేరు మాత్రం కొట్టెయ్యను. అలిగేరు, అంతే" అన్నారు. తరవాతి జాబితాల్లో కూడా ప్రకాశరావు గారి పేరు ఉంటూనే వచ్చింది. ఆయన బొమ్మ పంపలేదు. ఆరేళ్లు పంపలేదు.

ఎనభైల మధ్యలో ఆ పెద్ద వరద వచ్చింది. ఆ రోజు మధ్యాహ్నం గట్టు తెగుతుందన్న కబురు అందింది. పడవలో మనుషులకే చోటు చాలదు. సోమయాజులు గారు భోషాణం దగ్గర నిలబడి, దీన్ని ఎక్కిద్దామన్నారు. కామేశ్వరి గారు అటకమీదనుంచి ఆయన తాతల నాటి తాళపత్రాల మూట దింపి, "ఇవి మళ్లీ రాయించలేమండీ. నా బొమ్మలు మళ్లీ గీయొచ్చు" అని దాన్నే ఒళ్లో పెట్టుకుని పడవెక్కారు. ఈ సంగతి నాకు చెప్పింది సోమయాజులు గారు.

నాలుగో రోజుకు నీరు తీసింది. వాళ్లింట్లో గుండెల ఎత్తున బురద చార. భోషాణం గదిలో ఒక మూలనుంచి ఇంకో మూలకు కొట్టుకుపోయి పక్కకు ఒరిగి ఉంది. తెరిస్తే కార్డులన్నీ ఒకే ముద్ద. హైస్కూలు పిల్లలు, నేను, కాంతమ్మ కలిసి ఒక్కొక్కటే విడదీసి, ఆఫీసు వసారాలో కొబ్బరి తాళ్లు కట్టి ఆరేశాం. రంగులన్నీ కిందికి జారిపోయాయి. ప్రతి కార్డు మీదా అడ్డంగా ఒక ఎర్రటి మట్టి గీత. కామేశ్వరి గారు రెండు రోజులు ఆ తాళ్ల కింద కుర్చీ వేసుకుని కూర్చున్నారు. సోమయాజులు గారు గ్లాసుతో మజ్జిగ తెచ్చి పక్కన పెట్టి, కాసేపుండి, తాగని గ్లాసు మళ్లీ తీసుకుపోయేవారు.

మూడో రోజు నేను టపా సంచి విప్పుతుంటే లేచి వచ్చారు. చేతిలో ప్రకాశరావు గారి పాత నీటిరంగుల బొమ్మ ఉంది. ఒకప్పుడు అందులో రైలు వంతెన ఉండేది. ఇప్పుడు నీలం మరక, దాని మీద మట్టి గీత.

"మాస్టారూ, గోదారి కూడా ఒక గీత గీసింది చూసేరా?"

"చూశానండీ" అన్నాను.

"వీటిని ఎవరివి వాళ్లకి పంపేద్దాం. మీ బొమ్మ మీద గోదారి పనిచేసింది, ఇప్పుడు మీ వంతు, పూర్తి చెయ్యండి అని రాద్దాం."

"పంపేస్తే మీకేమీ మిగలదు కదండీ!"

"ఉంచుకుంటే ఏడుస్తాను. పంపితే ఎదురుచూస్తాను. మీరే చెప్పండి, ఏది నయం?"

పదిహేనేళ్ల చిరునామాలు. ఆవిడ చెబుతుంటే నేను రాశాను. పది రోజులు పట్టింది. మానేసినవాళ్లకూ పంపారు, అలిగినవాళ్లకూ పంపారు. కామేశ్వరి గారు భోషాణంలో దాచుకున్న నాగమణి గాలి ఉత్తరం మీది ముగ్గు పూర్తిగా కరిగిపోయి తెల్లకాగితం అయిపోయింది. మట్టి గీతతో సహా దాన్నీ కువైట్ పంపాం.

తరవాత జరిగినదాంట్లో నేను చేసిన తప్పొకటి చెప్పాలి. మొదట వచ్చినవి జవాబులు కావు, మేం పంపినవే తిరిగి వచ్చాయి. "చిరునామాదారు లేరు", "ఇల్లు మారారు", "మరణించారు". ఒకే సంచిలో పదకొండు. ఆవిడ రోజూ స్కూలు వదలగానే వచ్చి కిటికీలోంచి చూసేవారు. ఆ కట్టను ఇవ్వడానికి నాకు చేతులు రాలేదు. బల్ల సొరుగులో దాచేశాను. వారం రోజులు "ఇంకా ఏమీ రాలేదండీ" అని అబద్ధం చెప్పాను. ఉత్తరం దాచిన పోస్టుమాస్టరును ఏమంటారో నాకు తెలుసు. ఎనిమిదో రోజు ఉండబట్టలేక కట్ట తీసి ఆవిడ చేతిలో పెట్టి, చేసినది చెప్పేశాను.

ఆవిడ ఒక్కొక్కటీ తిప్పి చూశారు. "మీరు నా మంచికే చేసేరు. కానీ ఇంకెప్పుడూ చెయ్యకండి" అన్నారు చివరికి. "ఇది కూడా నాకు వచ్చిన కబురే కదండీ. ఈ పెద్దాయన పోయేరని నాకు తెలియాలా వద్దా? ఎన్నాళ్లు బతికున్నారనుకుని ఉత్తరాలు రాయమంటారు?" ఆ మాటలో కోపం కన్నా ఎక్కువైనదేదో ఉంది. నేను తల దించుకున్నాను. ఆవిడ వెళ్లబోతూ వెనక్కి తిరిగి, ఆ కట్టలోంచి ఒక కార్డు తీసి బల్ల మీద పెట్టారు. "దీనికిక సొంతదారు లేరు. మీరు పూర్తి చెయ్యండి."

"నాకు గీయడం రాదండీ."

"ఆయ్. అదే చూద్దాం."

ఆ కార్డు మీద మట్టి గీతను ఆధారం చేసుకుని నేనొక పడవ వేశాను. అది పడవలా లేదు, బోర్లించిన చెప్పులా ఉంది. కట్టుబాటు ప్రకారం ఆవిడ దాన్ని బాగాలేదనలేరు. ముఖం తిప్పుకుని నవ్వు ఆపుకున్నారు. జాబితా చివర నా పేరు రాశారు.

జవాబులు ఆ తరవాత మెల్లగా మొదలయ్యాయి. పెడన ముసలాయన పోయి రెండేళ్లయిందట. ఆయన కొడుకు, తనకు బొమ్మలు రావని రాస్తూ, తండ్రి చెక్కిన ఆఖరి అచ్చును మట్టి గీత మీద అద్ది పంపాడు. గీత తీగె అయింది, దానికి పూలు వచ్చాయి. విజయనగరం నర్సు బదిలీ అయి వెళ్లిపోయింది. ఆ క్వార్టర్‌లోకి కొత్తగా వచ్చిన నర్సు పిల్ల కవరు విప్పి చూసి, ఇదేమిటో నాకు తెలియదు, కానీ నేనూ పంపవచ్చా అని అడిగింది. చెకొస్లొవేకియా పంతులు గోదావరిని మ్యాపులో వెతికి పట్టుకుని, ఆ గీతను తన ఊరి నదితో కలిపేశాడు. తిరిగి వచ్చినవి ఎన్నో, జవాబులూ దాదాపు అన్నే. కాకపోతే జవాబుల్లో సగం మాకు తెలియనివాళ్లు రాసినవి.

ప్రకాశరావు గారి కవరు ఆరు నెలలకు వచ్చింది. అప్పటికి ఆయన రిటైరయ్యారు. కామేశ్వరి గారు దాన్ని విప్పకుండా కాసేపు చేతిలో పట్టుకుని నిలబడ్డారు. "మీరు విప్పండి మాస్టారూ" అన్నారు. విప్పాను. నీలం మరక అలాగే ఉంది. దాని మీద, మట్టి గీతకు అటూ ఇటూ, తెల్లరంగుతో చుక్కలు పెట్టి ఒక ముగ్గు వేశారు. నీటిరంగుల్లో అంత పేరున్న మనిషి వేసిన ముగ్గు పసిపిల్లలు వేసినట్టు వంకర పోయింది. రెండు చోట్ల గీత తెగింది. వెనక ఇలా రాశారు: "చుక్కల లెక్క ఎక్కడో తప్పింది. కువైట్‌లో ఉన్న ఆ అమ్మాయి చిరునామా నా దగ్గర లేదు, మీరు పంపిన జాబితాలన్నీ చింపేశాను. మళ్లీ పంపగలరా? ఆమెను అడిగి నేర్చుకోవాలి."

కామేశ్వరి గారు అరుగు మీద కూలబడి, కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చారు, నవ్వారు. సోమయాజులు గారు గాభరాగా పరుగెత్తుకొచ్చి, "ఏమైందే?" అంటే, "మన ప్రకాశరావు గారండీ. ముగ్గు వేసేరు" అన్నారు. ఆ తరవాత ప్రకాశరావు గారికీ నాగమణికీ మధ్య ఎన్ని ఉత్తరాలు నడిచాయో నాకు తెలియదు. నాగమణి సెలవుకు వచ్చినప్పుడు మాత్రం, "ఆ తాతగారికి ఇప్పుడు పదిహేను చుక్కల ముగ్గు వచ్చేసిందండి" అని గొప్పగా చెప్పింది.

కామేశ్వరి గారు రిటైరయ్యాక భర్తతో కాకినాడలో చెల్లెలి ఇంటి పక్కకు వెళ్లిపోయారు. జాబితా రాసే పని ఆ విజయనగరం నర్సు పిల్ల తీసుకుంది. నేను అమలాపురం బదిలీ అయ్యాను. ఆవిడ దగ్గరనుంచి నెలకొక కార్డు తప్పకుండా వచ్చేది. ఒకసారి మూడు నెలలు రాలేదు. తరవాత వచ్చిన కార్డు చూసి, ఇది ఎవరో కొత్తవాళ్లు పంపారనుకున్నాను. ఒక అరటిచెట్టు. కాండం ఒక చోట, ఆకులు ఇంకో చోట, రంగు గీత దాటి బయటకు పోయింది. వెనక పెద్ద పెద్ద అక్షరాలు, వరుస వంకర.

"మాస్టారికి ఆశీస్సులు. కుడి పక్క పక్షవాతం వచ్చింది. చెయ్యి లేవడం లేదు. మన జాబితాలో కొత్త సభ్యురాలు చేరింది, నా ఎడమ చెయ్యి. దానికింకా ఏమీ రాదు. నలభై ఏళ్లు పిల్లలకి నేర్పేను కనక దీనికీ నేర్పగలననుకుంటున్నాను. మీరు మొహమాటపడకుండా, ఎలా ఉందో రాయండి."

నేను రాశాను. కాండం సన్నమైందని, ఆకు కొనలు బాగున్నాయని, రంగు కొంచెం పల్చగా కలపమని రాశాను. అది చదివి ఆవిడ చాలా సంతోషించారని సోమయాజులు గారు తరవాత చెప్పారు. ఆ ఎడమ చెయ్యి మూడేళ్లు గీసింది. ఏడాది తిరిగేసరికి అరటిచెట్టు నిలబడింది. రెండో ఏడు గెల వేసింది.

ఆవిడ పోయి చాలా కాలమైంది. ఆవిడ పోయిన వయసు నేనూ ఇప్పుడు దాటాను. కళ్లకు శస్త్రచికిత్స అయింది, కొత్త కళ్లద్దాలతో రంగులు వేరేగా కనిపిస్తున్నాయి. నిరుడు నాకు వరసలో మనవరాలయ్యే ఒక పిల్ల దగ్గర ఫోన్‌లో తెలుగు అక్షరాలు కొట్టడం నేర్చుకున్నాను. వేళ్లు మాట వినవు. ఒక అక్షరం కోసం పోతే ఇంకొకటి పడుతుంది. ఆ పిల్ల విసుక్కోబోయి, "తాతగారూ, మీకిప్పుడు ఇవన్నీ ఎందుకండీ?" అంది. "కొత్తగా చేరేనమ్మా," అన్నాను, "కాస్త ఓపిక పట్టు." ఈ మొత్తం అలాగే, ఒక్కొక్క అక్షరం వెతుక్కుంటూ కొట్టాను.